ప్రజావేగు: ఎవరికి వేగు? ఎవరి మీద వేగు?

సందేహం: నమస్కారమండీ. ఎడ్వర్డ్ స్నోడెన్ ఉదంతం మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అందులో నేను రాసుకున్న వాక్యం ఇది: "అమెరికా సామూహిక నిఘాలో భాగంగా కోట్లాది మంది ఫోన్లు ట్యాప్ చేసిందని ప్రజావేగు స్నోడెన్ లీకు చేశాడు, దాంతో అతడిపై దేశద్రోహం కేసు పెట్టారు." దీన్ని చూసి మా సహోద్యోగి ఒకరు, "వేగు అంటే గూఢచారి కదా! గూఢచారుల గుట్టు బయటపెట్టినవాణ్ని మళ్లీ వేగు అనడమేమిటి?" అన్నారు. ఇంకొకరు ఇంగ్లిషు 'విజిల్‌బ్లోయర్'ను ఉన్నదున్నట్టు 'ఈల వేసినవాడు' అనమన్నారు. ఏది సరైనది? 'నిఘా' ఏ భాష మాట? 'నిఘా వేశారు' అనవచ్చా? దయచేసి చెప్పగలరు.
— ఒక అనువాదకురాలు, హనుమకొండ

సమాధానం: మీ సహోద్యోగి వేలు పెట్టిన చోటు సరైనదేనమ్మా. అయితే ఆ వాక్యంలో చిక్కు ఆ ఒక్క మాటతో పోలేదు. మూడు నాలుగు చోట్ల మాటే తీర్పు చెప్పేస్తోంది. స్నోడెన్ చేసింది మంచా చెడా అన్న వాదన 2013 నుంచీ నడుస్తూనే ఉంది. వ్యాసకర్త ఏ పక్షాన ఉన్నా ఫరవాలేదు గానీ, ఆయన తీసుకోని పక్షాన్ని అనువాదం తీసుకోకూడదు.

ముందు వేగు సంగతి. తెలుగులో వేగులు మూడు. తెల్లవారడం ఒకటి: వేగుచుక్క, వేగుజాము. వేకువ దీని చుట్టమే. నూనెలో వేగడం, బాధతో వేగిపోవడం రెండోది. గుట్టుగా చూసి రావడం, అలా తెచ్చిన కబురు, ఆ కబురు తెచ్చిన మనిషి మూడోది. ఈ మూడోదానికి తమిళంలో 'వేవు' తోబుట్టువు. అక్కడి 'వేవు పార్'కూ మన 'వేగు చూచు'కూ తేడా లేదు. వేగులవాడు, వేగరి ఇక్కడివారే. సంస్కృతం నుంచి చారుడు, ప్రణిధి, అపసర్పుడు, గూఢపురుషుడు వచ్చారు. అమరకోశం వీళ్లందరినీ ఒకే వరుసలో నిలబెట్టింది.

ఈ పేర్లన్నిటిలోనూ తప్పనిసరిగా ఉండే అంశాలు మూడు. పంపినవాడు ఒకడుండాలి. వెళ్లినవాడు పరాయిచోట చూడాలి. చూసింది పంపినవాడికే చేరాలి. స్నోడెన్ విషయంలో మూడూ తారుమారయ్యాయి. ఆయన్ను ఎవరూ పంపలేదు. పరాయి కోటలో దూరలేదు; ఒక కాంట్రాక్టు కంపెనీ ఉద్యోగిగా హవాయిలో అమెరికా జాతీయ భద్రతా సంస్థ పనిమీదే ఉన్నారు. తెచ్చిన కబురు యజమానికి కాక పత్రికలకు చేరింది. కాబట్టి పాత అర్థంలో ఆయన వేగు కారు.

మరి 'ప్రజావేగు' ఎలా నిలబడింది? పంపినవాడి పీట మీంచి రాజును దించి ప్రజను కూర్చోబెట్టారు. జనం తరఫున వేగు చూసినవాడు అని భావం. మన పత్రికల్లో ఏళ్ల తరబడి వాడుకలో ఉంది, 'ప్రజావేగుల రక్షణ చట్టం' అని రాస్తే పాఠకుడికి తెలుస్తోంది. వ్యాకరణం పట్టించుకునేవారు దీన్ని వైరిసమాసం అంటారు: సంస్కృత రూపం 'ప్రజా'ను అచ్చతెలుగు 'వేగు'తో అతికారు కాబట్టి. ఆ లెక్కన 'ప్రజాదర్బారు'నూ కొట్టేయాలి. ఎవరూ కొట్టేయలేదు, నేనూ కొట్టేయను.

అసలు ఇబ్బంది సమాసంలో విభక్తి మాయమవడం. ప్రజల కోసం వేగు అని ఎవరు చెప్పారు? ప్రజల మీద వేగు అని కూడా విడదీయవచ్చు. అప్పుడు జనం ఫోన్ల లెక్కలు పోగేసిన ఆ భద్రతా సంస్థే అసలైన ప్రజావేగు అవుతుంది! రోడ్డు కాంట్రాక్టులో అవినీతిని బయటపెట్టిన ఇంజినీరు గురించి రాసేటప్పుడు ఈ గందరగోళం రాదు, అక్కడ ఇంకో వేగు లేడు కాబట్టి. 2003 నవంబరులో గయలో హత్యకు గురైన సత్యేంద్ర దూబే అలాంటి ఇంజినీరు. ఆయన్ను ప్రజావేగు అంటే చక్కగా అమరుతుంది. స్నోడెన్ కథలో మాత్రం పేజీ నిండా వేగులే. అందుకని ఈ వ్యాసం మటుకు 'విజిల్‌బ్లోయర్' అని తెలుగు లిపిలో కలిపి రాయండి. మొదటిసారి వచ్చినప్పుడు 'తాను పనిచేసే సంస్థలోని తప్పును బయటపెట్టిన ఉద్యోగి' అని ఒక్కసారి విప్పి చెప్పండి. ఆ తర్వాత 'గుట్టు విప్పినవారు' అన్నా సరిపోతుంది.

'ఈల వేసినవాడు' మాత్రం వద్దు. ఇంగ్లిషులో ఆ ఈల ఆటలో తప్పు పట్టే రిఫరీదీ, దొంగను చూసిన పోలీసుదీ. దానికి పరువైన అర్థం 1970ల తొలినాళ్లలో అమెరికా వినియోగదారుల హక్కుల ఉద్యమకారుడు రాల్ఫ్ నాదర్ వంటివారు పట్టుబట్టి తెచ్చారు. మన ఈల సినిమా హాల్లో నేల టికెట్టుది, బస్టాపులో ఆకతాయిది. కబడ్డీ రిఫరీ కూడా ఈల 'ఊదుతాడు' గానీ 'వేయడు'. చూశారా, క్రియ మారితే మనిషే మారిపోయాడు.

ఇంకొన్ని మాటలు మీ చేతికి అందుబాటులో ఉంటాయి, జాగ్రత్త. 'ఉప్పందించడం' అంటే లోపలివాడు బయటి దొంగకో, పోలీసుకో ముందుగా కబురివ్వడం; అందులో లాలూచీ వాసన ఉంది. 'ఇన్‌ఫార్మర్' అనే మాట మీద మన అటవీ ప్రాంతాల్లో మనుషుల ప్రాణాలు పోయాయి. దాన్ని ఇక్కడికి తేవద్దు. 'లీకువీరుడు' వెటకారం. 'ఆకాశరామన్న' పూర్తిగా వేరే మనిషి: పేరు లేకుండా ఉత్తరం రాసేవాడు. స్నోడెన్ మొదటి కథనం వెలువడిన నాలుగు రోజులకే, 2013 జూన్ 9న, హాంకాంగ్‌లో ఉండి తన పేరు తానే చెప్పుకున్నారు.

ఈ తేడా మన చట్టాల్లోనూ ఉంది. దూబే హత్య తర్వాత 2004 ఏప్రిల్‌లో కేంద్రం ఒక తీర్మానం చేసి, ఇలాంటి ఫిర్యాదులు తీసుకునే పనిని కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు అప్పగించింది. దాని ప్రకారం ఫిర్యాదును మూసి అంటించిన కవరులో, కమిషన్ కార్యదర్శి పేరిట పంపాలి. కవరు మీద అది ప్రజాహిత వెల్లడి కింద ఇచ్చే ఫిర్యాదని రాయాలి. పంపినవారి పేరు, చిరునామా కవరు మీద ఉండకూడదు, లోపలి కాగితంలో ఉండి తీరాలి. పేరు బయటికి రాకుండా చూసే బాధ్యత కమిషన్‌ది. పేరే లేని ఉత్తరాన్ని ఈ తీర్మానం కింద తీసుకోరు. అంటే ఆకాశరామన్నకు ఇక్కడ రక్షణ లేదు. 2014 మేలో రాష్ట్రపతి ఆమోదం పొందిన విజిల్‌బ్లోయర్ల రక్షణ చట్టంలోనూ ఇదే నియమం. ఆ చట్టాన్ని అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ రాలేదన్నది వేరే కథ. కాబట్టి 'అజ్ఞాత వ్యక్తి', 'ఆకాశరామన్న', 'విజిల్‌బ్లోయర్' ఒకదానికొకటి పర్యాయపదాలు కావు.

ఇప్పుడు మీ వాక్యంలో ఎవరూ వేలు పెట్టని చోటు: 'చేశాడు', 'అతడిపై'. ఇంగ్లిషులో పెద్దలకైనా దొంగకైనా ఒకే సర్వనామం, ఒకే క్రియ. తెలుగులో అలా తప్పించుకోలేం. 'డు' అని ముగిస్తే నేరవార్త, 'రు' అని ముగిస్తే మర్యాద. పత్రికల్లో గొలుసు దొంగ 'పరారయ్యాడు', కేసులో ఇరుక్కున్న మంత్రి 'ఖండించారు'. స్నోడెన్ మాస్కో 'పారిపోయాడు' అంటే ఒక పక్షం, మాస్కో 'చేరుకున్నారు' అంటే ఇంకో పక్షం. నా మాట వింటే వ్యాసమంతా 'రు' వాడండి, అధికారులకూ అదే వాడండి. అందరికీ ఒకే కొలత అయితే మొగ్గు కనబడదు. 'పారిపోయారు'కు బదులు జరిగింది రాయండి: హాంకాంగ్ నుంచి జూన్ 23న మాస్కో చేరారు, పాస్‌పోర్టు రద్దయింది, విమానాశ్రయంలోనే నెలకు పైగా ఉండిపోయారు, ఆగస్టు 1న రష్యా ఆశ్రయమిచ్చింది.

ఈ పక్షాల గొడవ మనకు కొత్తేం కాదు. 'ఇంటిగుట్టు లంకకు చేటు' అన్నప్పుడు మనం విభీషణుణ్ని ఏ కళ్లతో చూస్తున్నాం? గుడిలో ఆయన భక్తుడు, సామెతలో ఇల్లు చెరిపినవాడు. వ్యాసకర్త స్వయంగా తిట్టనప్పుడు ఈ సామెతను శీర్షికగా పెట్టవద్దు. ఎంత ముచ్చటగా అమరినా సరే.

'దేశద్రోహం కేసు' అన్నది మాత్రం భాషాదోషం కాదు, వాస్తవదోషమే. దేశద్రోహమంటే ఏమిటో అమెరికా రాజ్యాంగమే నిర్వచించింది. ఆ నేరాన్ని స్నోడెన్‌పై మోపలేదు. మోపినవి మూడు: ప్రభుత్వ ఆస్తి దొంగతనం, దేశరక్షణ సమాచారాన్ని అనుమతి లేకుండా ఇతరులకు ఇవ్వడం, రహస్య గూఢచార సమాచారాన్ని తెలిసి తెలిసి ఇవ్వడం. చివరి రెండూ 1917 నాటి చట్టం కిందివి. దాని పేరును తెలుగు చేస్తే 'గూఢచర్య చట్టం'. ఇక్కడ ఇంకో గొయ్యి ఉంది. 'గూఢచర్య చట్టం కింద కేసు' అని ఊరుకుంటే, పాఠకుడు పరాయి దేశానికి గూఢచారిగా పట్టుబడ్డాడనుకుంటాడు. 1971లో వియత్నాం యుద్ధపత్రాలను పత్రికలకు ఇచ్చిన డేనియల్ ఎల్స్‌బర్గ్‌పై పెట్టిందీ ఈ చట్టమే. ఆయన ఏ దేశానికీ గూఢచారి కారు. కాబట్టి 'రక్షణ రహస్యాలను అనుమతి లేకుండా వెల్లడించారంటూ గూఢచర్య చట్టం కింద' అని రెండూ కలిపి రాయాలి. మన దగ్గర వినిపించే 'రాజద్రోహం' కూడా వేరు. అది 2024 జులైలో రద్దయిన పాత శిక్షాస్మృతి కింద, ప్రభుత్వంపై ద్వేషం రెచ్చగొట్టారని పెట్టిన కేసు.

'ఫోన్లు ట్యాప్ చేసింది' కూడా నిలవదు. 2013 జూన్ 5న గార్డియన్ పత్రిక బయటపెట్టింది వెరిజాన్ అనే ఫోన్ కంపెనీకి ఒక రహస్య కోర్టు ఇచ్చిన ఉత్తర్వు. అందులో అడిగింది కాల్ రికార్డులు: ఏ నంబరు నుంచి ఏ నంబరుకు, ఎప్పుడు, ఎంతసేపు. ఏం మాట్లాడుకున్నారో కాదు. తెలుగులో ట్యాపింగ్ అంటే మాటలు వినడం. 2024 మార్చిలో హైదరాబాద్‌లో నమోదైన కేసు తర్వాత ఈ మాట తెలియని ఇల్లు లేదు. వినడానికి ట్యాపింగ్, లెక్క తీయడానికి 'కాల్ డేటా సేకరణ' అని రెండు మాటలు విడిగా ఉంచుకోండి. మన పోలీస్ స్టేషన్లలో కూడా ఈ రెండూ వేర్వేరు పనులే: ఒకదానికి కాల్ లిస్టు తెప్పిస్తారు, ఇంకోదానికి హోం కార్యదర్శి స్థాయి ఉత్తర్వు కావాలి.

ఇక 'సామూహిక నిఘా'. సామూహిక వివాహాలు, సామూహిక ప్రార్థన, సామూహిక అత్యాచారం — వీటన్నిటిలో ఆ పనిలో ఉన్నవాళ్లు గుంపు. ఆ వరసలో సామూహిక నిఘా అంటే పదిమంది కలిసి నిఘా పెట్టారన్న అర్థం ముందుకొస్తుంది. మీకు కావలసింది నిఘాకు గురైనవాళ్లు గుంపు అని. దానికి మన రైతుల దగ్గరే మాట ఉంది: గంపగుత్త. తోటలో ఏ కాయ ఎలా ఉందో చూడకుండా తోటంతా ఒక్క ధరకు పట్టుకోవడం. అనుమానితుడెవరో చూడకుండా అందరి రికార్డులూ పట్టుకెళ్లడం అచ్చంగా అదే. 'గంపగుత్త నిఘా', 'గంపగుత్తగా సేకరించారు' అనండి. 2015 జూన్‌లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి ఆపించింది ఈ గంపగుత్త ఫోన్ రికార్డుల సేకరణనే; నిఘా మొత్తాన్ని కాదు.

నిఘా పారసీ మాట. అక్కడ 'నిగాహ్' అంటే చూపు. ఉర్దూ మీదుగా మనకు చేరింది. చివర హకారం మనవాళ్ల నోట నిలవదు. దర్గాహ్‌లో రాలిపోయి దర్గా అయింది. సలాహ్‌లో అచ్చు తోడు తెచ్చుకొని సలహా అయింది. నిగాహ్‌లో వెనక్కి నడిచి గకారాన్ని పట్టుకొని ఘకారం చేసింది. అందుకే ఒత్తు తప్పనిసరి, 'నిగా' రాయకండి. ఇది పెట్టే వస్తువు, ఉంచే వస్తువు: నిఘా పెట్టారు, నిఘా ఉంచారు, పెంచారు, ఎత్తేశారు. వేసేది కన్ను, వల. 'కన్నేసి ఉంచారు' విన్న చెవి 'నిఘా వేశారు' అనిపిస్తోంది. తప్పని కొట్టేయను గానీ, వినసొంపుగా లేదు. ఒక్క జాగ్రత్త: మన పత్రికల్లో 'నిఘా వర్గాలు' అంటే ఇంటెలిజెన్స్ విభాగం. మీ వ్యాసంలో సంస్థకు 'గూఢచార సంస్థ' అనీ, అది చేసే పనికి 'నిఘా' అనీ పంచిపెట్టండి. 'ఎన్‌ఎస్‌ఏ' అని పొడి అక్షరాలు కూడా వద్దు. మన పాఠకుడికి అది జాతీయ భద్రతా సలహాదారు కావచ్చు, 1980 నాటి జాతీయ భద్రతా చట్టం కావచ్చు.

మీ వాక్యం ఇలా ఉండవచ్చు: "కోట్లాది మంది కాల్ రికార్డులను అమెరికా జాతీయ భద్రతా సంస్థ గంపగుత్తగా సేకరిస్తోందని చూపే పత్రాలను విజిల్‌బ్లోయర్ స్నోడెన్ పాత్రికేయులకు అందించారు, రక్షణ రహస్యాలను అనుమతి లేకుండా వెల్లడించారంటూ ప్రభుత్వం ఆయనపై గూఢచర్య చట్టం కింద అభియోగాలు మోపింది." పొడుగైంది, నిజమే. కావాలంటే 'అందించారు' తర్వాతి కామా దగ్గర విరిచేయండి. 'లీకు' తీసేసింది అందుకే: లీకయ్యేది గొట్టం, పరీక్ష పేపరు. ఇక్కడ ఒకరు ఇచ్చారు, ఇంకొకరు చదివి, ఏది వేయాలో ఎంచి అచ్చేశారు.

మీరు అడగలేదు గానీ, ఈ వ్యాసంలో 'గోప్యత' మీకు తప్పక తగులుతుంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ప్రాథమిక హక్కుగా గుర్తించినదాన్ని 'గోప్యత హక్కు' అంటున్నాం. మంత్రులు పదవిలోకి వచ్చేటప్పుడు చేసేదీ 'గోప్యతా ప్రమాణమే'. మొదటిది పౌరుడు ప్రభుత్వం నుంచి దాచుకునేది, రెండోది ప్రభుత్వం పౌరుడి నుంచి దాచేది. నిఘా మీద వాదనంతా ఈ రెంటి నడుమే కాబట్టి ఒకే మాట రెండు వైపులా పెడితే వాక్యం కూలుతుంది. పౌరుడి వైపు 'వ్యక్తిగత గోప్యత' అని విశేషణంతో సహా రాయండి. ప్రభుత్వం వైపు 'రహస్యం' అనండి, 1923 నాటి అధికార రహస్యాల చట్టంలో ఉన్నట్టే.