పాఠకుల ప్రశ్నలు: పస్కా పిండి మొదలు పర్ణశాల కప్పు దాకా

లేవీయకాండము 23వ అధ్యాయంలోని పండుగలను క్రైస్తవులు ఆచరించవచ్చా అని నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఆ అధ్యాయంలో ఉన్నవి పస్కా, పొంగని రొట్టెలు, ప్రథమ పన (తొలి కోత కట్ట), వారాల పండుగ (మనం పెంతెకొస్తు అంటాం), శృంగధ్వని (కొమ్ము బూర ఊదే దినం), ప్రాయశ్చిత్తార్థ దినం, పర్ణశాలలు (ఆకుల పందిట్లో గడిపే వారం). ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: కొలొస్సయులు 2:16తో పండుగలు కొట్టివేయబడ్డాయని మా పాస్టరు గారు అంటున్నారు. పండుగలు చేయనివాడు విశ్వాసే కాదని మా తమ్ముడు వాదిస్తున్నాడు. ఎవరి మాట సరి? (కోవూరు)

ఇద్దరూ వచనాన్ని ఉన్నదానికన్నా ఎక్కువ లాగుతున్నారు. పండుగ, అమావాస్య, విశ్రాంతి దినం విషయంలో ఎవరూ మీకు తీర్పు తీర్చకూడదని పౌలు అక్కడ రాశాడు. ఆచరించేవాడి మీద తీర్పుకూ, ఆచరించనివాడి మీద తీర్పుకూ అది ఒక్కటే అడ్డుకట్ట. రోమా 14:5-6 కూడా చూడండి. ఒకడు ఒక దినాన్ని గొప్పగా ఎంచుతాడు, ఇంకొకడు అన్నీ సమానమంటాడు, ఎవడి మనసులో వాడు రూఢిపరచుకోవాలి.

మీ తమ్ముడికి అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం చూపించండి. అన్యజనుల నుంచి వచ్చిన విశ్వాసుల మీద ఏ భారం మోపాలని యెరూషలేములో పెద్దలు కూర్చుని తేల్చినప్పుడు నాలుగు సంగతులే రాసి పంపారు. అందులో పండుగల ఊసే లేదు. కాబట్టి రక్షణకు ఇది షరతు కాదు, ఆ మాటలో మాకు సందేహం లేదు.

మీ పాస్టరు గారికి అదే పుస్తకంలోని 20వ అధ్యాయం. పొంగని రొట్టెల దినాలయ్యాకే పౌలు బృందం ఫిలిప్పీ నుంచి ఓడ ఎక్కింది (6వ వచనం). పెంతెకొస్తుకు యెరూషలేములో ఉండాలని పౌలు త్వరపడ్డాడు (16వ వచనం). అవి పనికిరానివని నమ్మినవాడు ప్రయాణాలను వాటి లెక్కన పెట్టుకోడు.

మరి ఎందుకు చేయాలంటే, మా దృష్టిలో పెద్ద కారణం ఒకటే: కొత్త నిబంధన ఈ పండుగల భాషలోనే మాట్లాడుతుంది. యోహాను 7:37 తీసుకోండి. పర్ణశాలల పండుగలో రోజూ సిలోయము కోనేటి నుంచి బంగారు కూజాతో నీళ్లు తెచ్చి బలిపీఠం దగ్గర పోసేవారని యూదుల పాత సంప్రదాయ గ్రంథం మిష్నా చెబుతుంది. వర్షాకాలం మొదలయ్యే ముందు, నీళ్ల కోసం జనం ప్రార్థించే వారంలో, ఆ పండుగ చివరి మహాదినాన యేసు లేచి నిలబడి దప్పిగొన్నవాడు నా దగ్గరకు రావాలని కేక వేశాడు. పండుగ తెలియనివాడికి అది మంచి వాక్యం. తెలిసినవాడికి ఆ నిలబడిన చోటూ, విన్న జనం ముఖాలూ కనిపిస్తాయి. క్రీస్తు మన పస్కా పశువు, ఆయన ప్రథమ ఫలం అని పౌలు కొరింథు సంఘానికి రాసిన మాటలూ ఇలాంటివే.

ప్రశ్న: ఇవి అంత ముఖ్యమైతే మిషనరీలు మన పెద్దలకు ఎందుకు నేర్పలేదు? (ఒంగోలు)

వచ్చినవాళ్లు ఎవరో చూడాలి. 1840లో నెల్లూరుకు వచ్చిన శామ్యూల్ డే, 1866లో ఒంగోలులో స్థిరపడిన జాన్ క్లౌ అమెరికన్ బాప్టిస్టులు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందింది ఆ మిషన్‌లోనే. మోషే ధర్మశాస్త్రపు పండుగలు క్రీస్తులో నెరవేరాయన్నది వాళ్ల బోధ. అమెరికాలో వాళ్ల సంఘాల వాతావరణం క్రిస్మస్‌నే అనుమానంగా చూసింది. 1659 నుంచి 1681 దాకా మసాచుసెట్స్‌లో ప్యూరిటన్లు క్రిస్మస్ చేసుకున్నవాళ్లకు జరిమానా వేశారు! అప్పటి నెల్లూరు జిల్లా దక్షిణ భాగానికి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్లు మాత్రం సంఘ పంచాంగం ప్రకారం శ్రమల కాలం, ఈస్టరు, పెంతెకొస్తు పాటించారు.

అయినా ఒకటి మిగిలింది. మన సంఘాల్లో కోత పండుగ నాడు కొత్త వడ్లు, గుమ్మడికాయ, కోడిపుంజు తెచ్చి వేలం వేస్తారు కదా, అది లేవీయకాండపు ప్రథమ పనకు దగ్గరి చుట్టమే. ఇశ్రాయేలులో పస్కా వేళకు యవలు కోతకొస్తాయి, ఇక్కడ పెన్నా కింద దాళ్వా వరి కోతలూ ఇంచుమించు ఆ రోజుల్లోనే.

ప్రశ్న: పస్కా తేదీ ఎలా తెలుసుకోవాలి? ఒక్కో క్యాలెండర్‌లో ఒక్కోలా ఉంది. మన పంచాంగంలో చైత్ర పౌర్ణమి చూసుకుంటే సరిపోదా? (కావలి)

చాలా ఏళ్లు సరిపోతుంది, కొన్ని ఏళ్లు నెల తేడా కొడుతుంది. యూదుల నెల కూడా మన నెలలాగే అమావాస్య దాటాక మొదలై, సగానికి పౌర్ణమి వస్తుంది. వాళ్లకూ అధిక మాసం ఉంది, 19 ఏళ్లలో ఏడు సార్లు. 2026లో ఉగాది, నీసాను (పస్కా వచ్చే యూదుల నెల) 1 రెండూ మార్చి 19నే. కానీ అధిక మాసం వేసే సంవత్సరాలు రెండు లెక్కల్లోనూ ఎప్పుడూ కలవవు. 2013లో ఉగాది ఏప్రిల్ 11న వచ్చింది, యూదుల పస్కా మార్చి 26 నాటికే వచ్చేసింది. అందుకని పంచాంగం మీద కాకుండా యూదుల క్యాలెండర్ మీద ఆధారపడండి.

ఈస్టరు లెక్క వేరు. మార్చి 21న గాని ఆ తర్వాత గాని వచ్చే పౌర్ణమి దాటిన ఆదివారం ఈస్టరు. 2026లో పస్కా మొదటి దినం ఏప్రిల్ 2, ఈస్టరు ఏప్రిల్ 5, పక్కపక్కనే. 2027లో ఈస్టరు మార్చి 28, పస్కా ఏప్రిల్ 22.

జనం ఎక్కువగా తప్పేది ఇక్కడ: బైబిల్ దినం సాయంత్రం మొదలవుతుంది. క్యాలెండర్‌లో ఏప్రిల్ 2 అని ఉంటే పస్కా భోజనం ఏప్రిల్ 1, బుధవారం పొద్దుగూకాక. ప్రభువు అప్పగింపబడిన రాత్రిని పట్టుకుని నీసాను 14వ తేదీ మొదలయ్యే సాయంత్రమే, అంటే ఒక రోజు ముందే, బల్ల (ప్రభు రాత్రి భోజనం) తీసుకునే సంఘాలూ ఉన్నాయి. మీ సంఘం ఏది పాటిస్తుందో ముందే అడగండి.

పెంతెకొస్తు లెక్క ఇంకో చిక్కు. విశ్రాంతి దినానికి మరుసటి రోజు నుంచి 50 దినాలని లేవీయకాండము చెబుతుంది. ఆ విశ్రాంతి దినం పస్కా మొదటి దినమేనన్నది ఆనాటి యూదుల్లో పరిసయ్యుల వర్గం మాట, మామూలు శనివారమన్నది సద్దూకయ్యుల వర్గం మాట. 2026లో మొదటి లెక్కకు మే 22, రెండో లెక్కకు మే 24 ఆదివారం. ఏ లెక్కైనా మొదలుపెట్టిన రోజునే ఒకటిగా ఎంచాలి. ఏప్రిల్ 5ను వదిలేసి 6 నుంచి లెక్కపెడితే పెంతెకొస్తు సోమవారానికి జారిపోతుంది.

తేదీల మీద సంఘం చీలే దాకా పోవద్దు. క్రీ.శ. 155 ప్రాంతంలో స్ముర్న బిషప్ పాలికార్ప్ రోముకు వెళ్లి అక్కడి బిషప్ అనికేతుతో ఇదే విషయం మాట్లాడాడు. ఆసియా సంఘాలు నీసాను 14వ తేదీనే పస్కా ఆచరించేవి, రోము ఆదివారం పాటించేది. ఇద్దరూ ఒప్పుకోలేదు, అయినా కలిసే బల్ల తీసుకుని సమాధానంగా విడిపోయారు. 325లో నికేయలో కూడిన బిషపుల సభ ఆదివారాన్ని ఖాయం చేసింది.

ప్రశ్న: ఏడు రోజులు పొంగని రొట్టెలంటే ఇడ్లీ, దోశ మానాలా? చపాతీ పొంగుతుంది కదా, అది తినొచ్చా? (సింగరాయకొండ)

చపాతీ, పుల్కా నిక్షేపంగా తినండి. పెనం మీద పుల్కా ఉబ్బేది లోపలి తడి ఆవిరి కావడం వల్ల. ధర్మశాస్త్రం వద్దన్నది పులిసిన పిండిని.

ఇడ్లీ, దోశ విషయంలో యూదుల నియమం గోధుమ, యవలు వంటి అయిదు ధాన్యాలకే వర్తిస్తుంది, బియ్యం, మినుములు అందులో లేవు. యూదుల్లోనే కొందరు పస్కా వారంలో అన్నం తింటారు, కొందరు తినరు. మా సలహా మాత్రం, ఆ వారం దోశపిండి రుబ్బకండి. ఏప్రిల్ ఎండలకు రుబ్బిన పిండి నాలుగైదు గంటల్లో గిన్నె అంచుదాకా పొంగుతుంది. పులిసిన పిండి కొంచెమైనా ముద్దంతటినీ పులియజేస్తుందని పౌలు చెప్పిన మాట పిల్లలకు నేర్పుతూ, అదే గిన్నె ఫ్రిజ్‌లో పెట్టుకోవడం బాగుండదు. అన్నం, పెరుగు, ఉప్మా ఉన్నాయి, ఇబ్బందేమీ లేదు. చద్దన్నం సంగతి మీ మనస్సాక్షికే వదిలేస్తున్నాం.

ఇంట్లోంచి తీసేయాల్సినవి: బ్రెడ్డు, బన్ను, రస్కులు, నాన్, యీస్టు ప్యాకెట్లు. వంటసోడా పులుపు కాదు గాని పిండిని ఉబ్బించేది కనుక చాలామంది దాన్నీ పక్కన పెడతారు, దాంతో పాటు బేకరీ కేకులూ బిస్కెట్లూ పోతాయి. పొడి గోధుమపిండి డబ్బా జోలికి పోనక్కర్లేదు. రస్కుల డబ్బా అడుగు, పిల్లల స్కూలు బ్యాగు, స్కూటర్ డిక్కీ, ఈ మూడు చోట్లే మరిచిపోతారు.

రొట్టెకు రెండు కప్పుల (సుమారు 250 గ్రాములు) గోధుమపిండి, 130 నుంచి 150 మిల్లీలీటర్ల చన్నీళ్లు, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల నూనె. చపాతీకి నానబెట్టినట్టు పిండిని మూతపెట్టి వదిలేయకండి. నీళ్లు తగిలినప్పటి నుంచి 18 నిమిషాల్లో కాల్చడం పూర్తి కావాలని యూదుల లెక్క. అంత పట్టింపు మీకు లేకపోయినా, కలిపిన పిండిని వేసవిలో గంటల తరబడి ఉంచితే యీస్టు వేయకపోయినా పులుస్తుంది. ఎనిమిది ఉండలు చేసి, అప్పడంలా పల్చగా ఒత్తి, ఫోర్కుతో అంతటా గుచ్చి, బాగా కాగిన పెనం మీద ఒక్కో వైపు నిమిషమున్నర కాల్చండి. సన్న మంట మీద చాలాసేపు ఉంచితే చల్లారాక తోలులా సాగుతుంది. మందంగా ఒత్తితే నడిమి పచ్చిగా ఉండిపోతుంది. గుచ్చకపోతే పుల్కాలా ఉబ్బి, బల్ల దగ్గర విరిచేటప్పుడు రెండు పొరలుగా ఊడుతుంది. బేకరీ బ్రెడ్డు ముక్కలతో బల్ల ఇచ్చే సంఘాలు ఏడాదికి ఆ ఒక్క రాత్రైనా ఈ రొట్టె చేయించుకుంటే మంచిది.

ప్రశ్న: పస్కా రాత్రి పొట్టేలును కోయాలా? (పొదలకూరు)

వద్దు. క్రీ.శ. 70లో దేవాలయం కూలిన తర్వాత యూదులే పస్కా బలి ఆపేశారు, వాళ్ల బల్ల మీద కాల్చిన ఎముక ఒకటి గుర్తుగా ఉంటుంది. క్రైస్తవుడికి బలి ముగిసింది. భోజనానికి మటన్ వండుకోండి, దాన్ని బలి అని పిలవకండి. చేదుకూరల స్థానంలో మెంతికూర గాని కాకరకాయ గాని చాలు. నిర్గమకాండము 12, లూకా 22 చదివి, యోహాను 13లో ఉన్నట్టు పాదాలు కడిగి, బల్ల తీసుకుంటే సరిపోతుంది. యూదుల ఇళ్లలో ఇప్పుడు జరిగే సెదెరు (పస్కా భోజన) క్రమం చాలావరకు దేవాలయం పోయిన తర్వాత కుదిరింది. దాన్ని మక్కికి మక్కి చేసి, యేసు సరిగ్గా ఇలాగే చేశాడని సంఘంలో చెప్పకండి.

ప్రశ్న: ప్రాయశ్చిత్త దినాన నీళ్లు కూడా తాగకూడదంటారు. నాకు షుగరు ఉంది. (ఒంగోలు)

2026లో ఆ ఉపవాసం సెప్టెంబర్ 20 ఆదివారం సాయంత్రం నుంచి 21 సాయంత్రం దాకా. ఇన్సులిన్ గాని షుగరు తగ్గించే మాత్రలు గాని వాడేవాళ్లు తిండి మానితే షుగరు పడిపోయి స్పృహ తప్పవచ్చు. డాక్టరును అడగకుండా చేయొద్దు, మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు చేయనక్కర్లేదు. ప్రాణాపాయం ఉంటే యూదులే ఉపవాసం విడుస్తారు. మీరు టీవీ, ఫోను కట్టేసి ప్రార్థనలో గడపండి.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు: మూడు నాలుగు రోజుల ముందు నుంచి కాఫీ తగ్గించుకుంటూ రండి, మధ్యాహ్నానికి తలనొప్పి పట్టుకునేది దాని వల్లే. చివరి భోజనంలో ఆవకాయ, ఎండుచేపలు వద్దు, దాహం చంపేస్తుంది. విడిచేటప్పుడు ముందు నీళ్లు, తర్వాత మజ్జిగ, అరగంట ఆగి అన్నం. బిర్యానీతో విడిచినవాళ్లు ఆ రాత్రి పడుకోలేరు.

ప్రశ్న: పర్ణశాల ఎలా వేయాలి? మాది డాబా ఇల్లు, గుంటలు తీసే చోటు లేదు. (నెల్లూరు)

2026లో సెప్టెంబర్ 25 సాయంత్రం మొదలై ఏడు రోజులు, ఆపైన ఎనిమిదో దినం అక్టోబర్ 3. అయిదుగురు కూర్చుని తినడానికి ఎనిమిదడుగుల చదరం, ఏడడుగుల ఎత్తు చాలు. సరుగుడు కర్రలు నాలుగు మూలలకు, పైన అడ్డానికి నాలుగు, కప్పు మోయడానికి మరో మూడు. నేలైతే అడుగున్నర లోతు, కొత్తపట్నం వైపు ఇసుక నేలల్లో రెండడుగులు పాతాలి. డాబా మీద 20 లీటర్ల పెయింటు డబ్బాల్లో కర్ర నిలిపి తడి ఇసుక కూరండి, ఒక్కోటి 30 కిలోల పైనే తూగుతుంది. అదొక్కటే నమ్ముకోక, రెండు మూలలను పిట్టగోడకు తాడుతో కట్టండి.

కప్పు తాటాకు గాని కొబ్బరాకు గాని, ఎండకు నీడ ఎక్కువగా, రాత్రి సందుల్లోంచి చుక్కలు కనిపించేలా వేస్తారు. కనుక పూరింటికి కప్పినట్టు దట్టంగా వేయకండి. ఆకు ముందు రోజే కొట్టించండి. నాలుగు రోజుల ముందు కొట్టిస్తే ఎండి ముడుచుకుని, కప్పు సగం ఖాళీ అవుతుంది. కప్పు మీద టార్పాలిన్ వేస్తే అది పర్ణశాల కాదు, షామియానా. వాన వస్తే లోపలికి వెళ్లి తినండి, తప్పు లేదు.

ఎండిన తాటాకు అగ్గిపుల్లకే అంటుకుంటుంది. కొవ్వొత్తులు, దోమల చుట్టలు లోపలికి తేవద్దు, ఛార్జింగ్ లైటు వాడండి. అతుకులున్న కరెంటు వైరు ఆకుల మీదుగా లాగకండి. రాత్రి అక్కడే పడుకోవాలా అన్నది మీ ఇష్టం, చాలా కుటుంబాలు భోజనాలు, ప్రార్థన మాత్రం అక్కడ చేసుకుంటాయి. నేల మీద వేసిన పందిట్లో పడుకునేటట్టయితే మంచాలు వేసుకోండి, పాములూ తేళ్లూ తిరిగే కాలం. అక్టోబర్ 3 గడవగానే విప్పేయండి. ఈశాన్య రుతుపవనాల గాలివాన మొదలైతే ఆ కర్రలు పక్కింటి డాబా మీద తేలతాయి.