ఆ డ్రమ్స్ ఎవరివి?

ఒరేయ్ చిన్నా,

మీ నాన్న నిన్న ఫోన్ చేసి, "నీ పిచ్చి నా కొడుక్కి అంటుకుంది, ఇక వాణ్ని నువ్వే చూసుకో" అన్నాడు. ఏంటా అని అడిగితే చెప్పాడు. నువ్వూ, నీ స్నేహితులు నలుగురూ కలిసి వారానికో పాత హెవీ మెటల్ రాక్ ఆల్బమ్ వింటారట. 1970తో మొదలుపెట్టి 1990 దాకా వరసగా వస్తారట. విన్నాక వాదించుకుని మార్కులు వేస్తారట, ఆఖర్న ఒకటి నుంచి యాభై దాకా ర్యాంకులు కూడానట. ఫోన్‌లో పడీపడీ నవ్వాను. పెట్టేశాక చాలాసేపు గర్వంగా అనిపించింది. మన ఇంట్లో ఈ గోల వినేది నేనొక్కదాన్నే అనుకుంటూ ఇన్నేళ్లు గడిపాను మరి. రాత్రి పడుకున్నాక మాత్రం ఆ ర్యాంకుల మాట గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. మెసేజ్ పెడితే సగం చదివి బొటనవేలు బొమ్మ పంపుతావని తెలుసు. అందుకే ఉత్తరం.

నీకు తెలిసినవి ముందు గబగబా చెప్పేస్తాను. ఆల్బమ్‌ని మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసలోనే వినండి, షఫుల్ పెట్టకండి. కనీసం రెండుసార్లు వినండి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు మధ్యలో దూరకూడదు. ఆ వారం వినకుండా వచ్చినవాడికి ఓటు లేదు. అయిపోయింది.

ఇప్పుడు చెవుల సంగతి. దీన్ని చదవకుండా కిందికి వెళ్లిపోకు. నా ఎడమ చెవిలో పన్నెండేళ్లుగా సన్నగా ఒక ఈల మోగుతూనే ఉంది. పగలు తెలీదు. రాత్రి ఇల్లంతా సద్దుమణిగి, ఫ్యాన్ కూడా ఆపేస్తే అప్పుడు మొదలవుతుంది. ఇది పోయేది కాదు, అలవాటు చేసుకోవాలన్నారు. చేసుకున్నాను. పెద్ద శబ్దాల మధ్య పనిచేసేవాళ్ల కోసం ఒక లెక్క ఉంది. 85 డెసిబెల్స్ అయితే రోజుకి 8 గంటలు, ఆపైన పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైమ్ సగం. అలా తగ్గించుకుంటూ పోతే 100 దగ్గర నీకు మిగిలేది 15 నిమిషాలు. స్లేయర్ వాళ్ల 'రెయిన్ ఇన్ బ్లడ్' మొత్తం కలిపినా 29 నిమిషాలే కదా అత్తా అంటావు. ఆ సౌండ్‌లో పెడితే సగం ఆల్బమ్‌కే నీ కోటా అయిపోతుంది. హెడ్‌ఫోన్స్ తీశాక చెవిలో గుయ్‌మంటోందంటే ఎక్కువైందనే లెక్క. నీ వయసులో నేను ఆ గుయ్‌మనడాన్ని గొప్పగా చెప్పుకుని తిరిగేదాన్ని, తెలివితక్కువదాన్ని.

మొదటి వారం బ్లాక్ శాబత్ మొదటి ఆల్బమే అయ్యుంటుంది. 1970 ఫిబ్రవరిలో వచ్చింది, దాదాపు ఒక్కరోజులో రికార్డు చేసేశారు. మీలో ఎవడో ఒకడు "ఇంత నెమ్మదా, బోర్" అంటాడు, చూస్తూ ఉండు. వాడికి శాబత్ గిటారిస్టు టోనీ అయోమీ వేళ్ల కథ చెప్పు. నీకు పదేళ్లప్పుడు గిటార్ తీగలు వేళ్లు కోస్తున్నాయని ఏడుస్తూ వస్తే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను, గుర్తుందా? బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పని. మానేసే ఆఖరి రోజున మెషీన్‌లో పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కాల్సింది సరిగ్గా ఆ వేళ్లతోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు. సన్నటి తీగలు వేసుకున్నాడు. తర్వాత వాటిని వదులు చేసి శ్రుతి కిందికి దించాడు. 1971లో వచ్చిన 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'లో గిటార్ బురదలో కాళ్లీడుస్తున్నంత బరువుగా ఉండటానికి అదీ ఒక కారణం. నువ్వు అంతా విని, ముక్కు తుడుచుకుని, "మరి నాకు వేళ్లన్నీ ఉన్నాయిగా" అంటూ మళ్లీ గిటార్ అందుకున్నావు. ఆరు నెలలకి మానేశావనుకో, అది వేరే సంగతి.

సరే, అసలు చెప్పాలనుకున్నదానికి వస్తాను.

నాకో స్నేహితురాలు ఉంది. శాబత్‌లో పాడిన ఓజీ ఆస్బోర్న్ తర్వాత సొంతంగా చేసిన 'డైరీ ఆఫ్ ఎ మ్యాడ్‌మన్' క్యాసెట్ మీదే మేమిద్దరం పెరిగాం. 1981 నాటి ఆల్బమ్, మా చేతికొచ్చేసరికే పాతబడింది. క్యాసెట్ ఆమెది. వారం ఆమె దగ్గర, వారం నా దగ్గర. టేప్ చుట్టుకుపోతే పెన్సిల్ పెట్టి తిప్పి సరిచేసేవాళ్లం. పెద్దయ్యాక క్యాసెట్ ఆమె దగ్గరే ఉండిపోయింది.

2003లో నేను అదే ఆల్బమ్ సీడీ కొన్నాను, కొత్త రీఇష్యూ. కవర్ మీద అదే బొమ్మ. నెల రోజులు అదే పనిగా విన్నాను. వింటున్నకొద్దీ, చిన్నప్పుడు మనం దీన్ని మరీ నెత్తిన పెట్టుకున్నామేమో అనిపించింది. తర్వాత ఓ ఆదివారం అయిదారుగురం కూర్చుని, సరిగ్గా మీలాగే, ఎనభైల ఆల్బమ్‌లకి ర్యాంకులు వేస్తున్నాం. ఆమె 'డైరీ'ని మొదటి మూడింట్లో పెట్టాలంది. మొదటి పాట 'ఓవర్ ద మౌంటెన్' డ్రమ్స్‌తోనే కదా మొదలవుతుంది, ఆ నాలుగు సెకన్లు చాలు అంటూ బల్ల మీద వేళ్లతో వాయించి చూపించింది. నేను ఒప్పుకోలేదు. ఆ డ్రమ్స్‌లో ప్రాణం లేదన్నాను. బేస్ గిటార్ అయితే డ్యూటీ చేసినట్టుందన్నాను. నువ్వు సరిగ్గా వినలేదంది. నెల రోజులుగా వింటున్నదాన్ని నేను, నువ్వు ఆ క్యాసెట్ పెట్టుకుని ఎన్నాళ్లైంది అన్నాను.

విచిత్రం ఏంటంటే, రాండీ రోడ్స్ గిటార్ దగ్గర ఇద్దరిదీ ఒకటే మాట. ఏ సోలో ఎక్కడ లేస్తుందో ఒకేలా చెబుతున్నాం. ఓజీ గొంతు గురించీ అంతే. డ్రమ్స్, బేస్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పొంతనే లేదు. "మనిద్దరం వేరే వేరే ఆల్బమ్‌లు విన్నామా ఏంటి?" అని నేనే వెటకారంగా అన్నాను కూడా. ఆ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగి ఉంటే సరిపోయేది. మన ఇంటి నోరు ఆగుతుందా? "నీకు ఇష్టం ఆ ఆల్బమ్ కాదు, నీ చిన్నతనం. కాస్త చెవులతో విను" అన్నాను, అందరి ముందూ.

ఆమె ఏమీ అనలేదు. బ్యాగ్ జిప్ వేయబోయింది. మధ్యలో ఇరుక్కుంది. రెండుసార్లు లాగి, రాక, సగం తెరిచిన బ్యాగ్ అలాగే భుజాన వేసుకుని వెళ్లిపోయింది. నేను గెలిచాననుకున్నాను. ఆ కాగితం మీద 'డైరీ'కి పందొమ్మిదో స్థానం నా చేత్తోనే రాశాను.

ఎనిమిదేళ్లు మాట్లాడుకోలేదు.

2011లో ఆ ఆల్బమ్ మళ్లీ కొత్త ఎడిషన్ వస్తోందంటే, దాని గురించి చదువుతుంటే బయటపడింది. అసలు రికార్డింగ్‌లో బేస్ బాబ్ డెయిజ్లీది, డ్రమ్స్ లీ కర్స్‌లేక్‌వి. వాళ్లకీ ఓజీ పక్షానికీ రాయల్టీల దగ్గర గొడవై కోర్టుదాకా వెళ్లింది. 2002 రీఇష్యూలో వాళ్లిద్దరి భాగాలూ తీసేసి, ఆ చోట రాబర్ట్ ట్రుహీయో బేస్, మైక్ బోర్డిన్ డ్రమ్స్ కొత్తగా వాయించి కలిపారు. గిటార్, గొంతు మాత్రం పాతవే. నేను నెల రోజులు విన్నది అది. ఆమె బల్ల మీద వాయించి చూపించింది కర్స్‌లేక్‌ని. ఇంకా తమాషా ఏంటంటే, 1981 కవర్ మీద కూడా వాళ్ల పేర్లు లేవు. ఆ ఆల్బమ్‌లో వాయించనే వాయించని రూడీ సార్జో, టామీ ఆల్డ్రిడ్జ్ పేర్లు వేశారు. ఎవరేం చేసినా, సీడీని తప్పు పట్టను. ఆమె అన్న మాట నిజమో కాదో చూడటానికి నాకు కావలసింది ఒక క్యాసెట్, అరగంట. రెండూ దొరికేవే.

2011 ఎడిషన్‌లో పాత రికార్డింగ్ తిరిగి పెట్టారు. తెచ్చుకుని విన్నాను. మొదటి నాలుగు సెకన్లకే నేల మీద కూలబడ్డాను. ఆమెకి ఫోన్ చేస్తే ఎత్తింది. హలో అనడానికి గొంతు రాలేదు, ఫోన్ స్పీకర్ దగ్గర పెట్టేశాను. పాట అయ్యేదాకా ఉండి, "బేస్ కూడా విన్నావా?" అంది. అంతే.

ఇప్పుడు బాగానే ఉన్నాం. కానీ ఆ ఎనిమిదేళ్లలో ఆమె పెళ్లి జరిగిపోయింది, నేను లేను. ఆమె కూతుర్ని నేను మొదటిసారి చూసేసరికి ఆ పిల్ల స్కూలు బ్యాగ్ తగిలించుకుని ఎదురొచ్చింది.

అందుకనిరా, కూర్చోగానే ఎవరు ఏ ఏడాది ఎడిషన్ విన్నారో కాగితం మీద రాసుకోండి, ఆ తర్వాతే నోరు తెరవండి. మెగాడెత్ 'రస్ట్ ఇన్ పీస్' 1990ది వేరు, 2004 రీమిక్స్ వేరు. అందులో కొన్ని చోట్ల గొంతు మళ్లీ పాడిందే. ఐరన్ మెయిడెన్ 1982 ఆల్బమ్ 'ద నంబర్ ఆఫ్ ద బీస్ట్' మొదటి ఎల్పీలో 'టోటల్ ఎక్లిప్స్' లేదు, 1998 సీడీలో ఉంది. 'గ్యాంగ్‌ల్యాండ్' బదులు దాన్నే పెట్టాల్సిందని మెయిడెన్ బేసిస్ట్ స్టీవ్ హారిసే తర్వాత అన్నాడు. ఒకడు ఎనిమిది పాటలకి మార్కులు వేస్తుంటే ఇంకొకడు తొమ్మిదింటికి వేస్తుంటాడు, ఇద్దరూ కొట్టుకుంటారు.

మెటాలికా 1988 ఆల్బమ్ '...అండ్ జస్టిస్ ఫర్ ఆల్' దగ్గర మాత్రం ఎడిషన్ వెతుక్కోనక్కర్లేదు, బేస్ వినిపించకపోవడం మిక్సింగ్‌లో చేసిందే. దాని మీద ఎంతసేపైనా వాదించుకోండి. కానీ జేసన్ న్యూస్టెడ్ మీద జోకులు వేసేముందు ఒకటి గుర్తుంచుకో. 1986 సెప్టెంబర్‌లో స్వీడన్‌లో బస్సు బోల్తా పడి వాళ్ల బేసిస్ట్ క్లిఫ్ బర్టన్ పోయాడు. ఆయన చోట్లోకి వచ్చిన ఇరవై మూడేళ్ల కుర్రాడు జేసన్, వాయించింది వాయించాడు, ఆల్బమ్ వచ్చాక చూస్తే తన వాద్యమే లేదు. నాకైతే ఇప్పటికీ ఆ ఆల్బమ్ విన్నప్పుడల్లా పాటల కంటే వాడే గుర్తొస్తాడు.

ఇక ఆ ర్యాంకులు. మార్కులు వేసుకోండి, తిట్టుకోండి, పందొమ్మిదో ఇరవయ్యోనో మీ ఇష్టం. ఒక్కటే అడుగుతాను. ఆ నలుగురిలో ఒకడు పెద్దగా మాట్లాడడని మీ నాన్న చెప్పాడు. చిన్నప్పటి నుంచీ నీతో ఉన్న ఆ పిల్లాడేగా? వాడు ఏదైనా పాట గురించి ఒక ముక్క అంటే, తప్పని నీకు అనిపించినా, వాడి ఫోన్ తీసుకుని వాడి చెవిలో మోగుతున్నదే నువ్వూ విను. నీ నోరు నాకు తెలుసు. అది నా దగ్గర నుంచే వచ్చింది.

2025 జులై 22న ఓజీ పోయిన రాత్రి ముందు ఫోన్ చేసింది ఆమే. పదిహేడు రోజుల ముందు బర్మింగ్‌హామ్‌లోనే, విల్లా పార్క్‌లో సింహాసనంలాంటి కుర్చీలో కూర్చుని పాడాడు కదా, అది చూస్తూ ఇద్దరం ఏడ్చాం కూడా. ఆ రాత్రి ఏమీ మాట్లాడుకోలేదు. అటు ఆమె పెట్టింది, ఇటు నేను పెట్టాను. ఒక అర సెకను తేడాతో డ్రమ్స్ రెండుసార్లు వినిపించాయి.

మీరు 1981కి వచ్చిన వారం నాకు చెప్పు. ఆమెని కూడా తీసుకొస్తాను, క్యాసెట్‌తో సహా. మా ఇద్దరికీ కలిపి ఒక్క ఓటు ఇచ్చినా చాలు.

సౌండ్ తగ్గించు.

మీ అత్త