మావాడు చివరికి ఏసీ మెకానిక్ అవుతాడా?

కడప నుంచి ఒక తండ్రి రాశారు: “మా అబ్బాయి మెకానికల్ మూడో సంవత్సరం. ఏసీల్లో వాడే మైక్రోఛానల్ హీట్ ఎక్స్‌ఛేంజర్ల డిజైన్ నేర్చుకుంటానంటాడు. మా తమ్ముడి కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్. డేటా సైన్స్ కోర్సుకు లక్షన్నర కడతానంటే వీడు వినడు. రెండిట్లో ఏది మేలో పోల్చి చెప్పండి.”

ఇంత చదివించాక వాడు ఏసీ మెకానిక్‌గా మిగిలితే బంధువుల్లో ఏమనుకుంటారోనన్నది మీ అసలు టెన్షన్. మెకానిక్ పని చిన్నదేం కాదు. అయినా మీవాడు అడుగుతున్నది వేరు.

కారు ఏసీలో వేడిని బయటికి వదిలే కండెన్సర్ చూడండి, అదీ మైక్రోఛానల్ హీట్ ఎక్స్‌ఛేంజరే. చదునైన అల్యూమినియం ట్యూబుల్లో మిల్లీమీటరు, అంతకన్నా సన్నని దారులుంటాయి. వాటిలో గ్యాస్ పారుతుంది, బయట ఫిన్ల (పలచని రేకుల) మధ్య గాలి వీస్తుంది. దారి సన్నబడితే వేడి బాగా బయటికి పోతుంది. కానీ నెమ్మదైన ప్రవాహంలో అదే వేగానికి దారి వెడల్పును సగం చేస్తే పీడన నష్టం నాలుగింతలవుతుంది. లోపలి గాలిని చల్లబరిచే ఎవాపరేటర్‌లో ఇంకో చిక్కు: ద్రవం, ఆవిరి కలిసి వస్తాయి కాబట్టి, చీనీ తోటలో డ్రిప్పు పైపు చివరి చెట్లకు నీళ్లందనట్టు, కొన్ని దారులకు ద్రవం అందదు. మన ఎండకు, దుమ్ముకు ఫిన్లు పూడుకుపోతే ఏమవుతుందో కూడా ముందే లెక్క కట్టాలి. ఇది బుర్ర పెట్టి చేసే పని.

ఈ పనికి మంచి రోజులున్నాయి. ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందానికి 2016లో కిగాలిలో చేసిన సవరణను మన దేశం 2021లో ఆమోదించింది. దాని ప్రకారం 2032 నుంచి, ఏసీల్లో నింపే, భూమిని వేడెక్కించే హెచ్‌ఎఫ్‌సీ గ్యాసుల వాడకం తగ్గించుకుంటూ పోవాలి. బదులుగా వచ్చే వాటిలో ప్రొపేన్ లాంటివి మండే గ్యాసులు, యంత్రంలో ఎంత తక్కువ పడితే అంత మంచిది. మైక్రోఛానల్‌లో తక్కువే పడుతుంది.

ఇక డేటా సైన్స్. సబ్జెక్టు మంచిదే, నా అనుమానమంతా కొన్ని నెలల కోర్సుల మీద. అందరి రెజ్యూమేల్లో అవే ప్రాజెక్టులు. ఈ మోడలే ఎందుకు వాడావని ఇంటర్వ్యూలో అడిగితే నోరు పెగలదు. ఇష్టం లేకుండా చేరిన పిల్లలు మధ్యలోనే మానేయడం చాలాసార్లు చూశాను. గాలి, ద్రవాల ప్రవాహాన్ని కంప్యూటర్లో లెక్కగట్టే సీఎఫ్‌డీ సాఫ్ట్‌వేర్ కోర్సుల మీదా నాకు అంత నమ్మకం లేదు. తెర మీద రంగుల బొమ్మ ఎవరికైనా వస్తుంది, అది తప్పో ఒప్పో చేత్తో లెక్కేసి చెప్పగలగాలి.

కోపగించుకోకండి, అన్నం దగ్గర మీ తమ్ముడి కొడుకు ప్రస్తావన ఆపండి. తనకేం కావాలో ఇంత స్పష్టంగా చెప్పే పిల్లలు నా దగ్గరికి అరుదుగా వస్తారు. మీరు వాడికి అడ్డం పడుతున్నారు.

మొదటి జీతం సాఫ్ట్‌వేర్ కన్నా తక్కువే ఉండొచ్చు. బీటెక్ కాగానే డిజైన్ విభాగంలోకి తీసుకోవడం తక్కువ, టెస్టింగ్‌లోనో ప్రొడక్షన్‌లోనో మొదలుపెట్టాలి. ఎంటెక్ చేస్తే దారి సులువవుతుంది. శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ ఫ్యాక్టరీలున్నాయి, ఊరికి మరీ దూరం కూడా కాదు. భయపడాల్సిందేమీ లేదు.

ఆ లక్షన్నర ఇప్పుడే ఎక్కడా కట్టకండి. ఈ సెలవుల్లో కడపలోనే ఒక కారు ఏసీ షాపులో కూర్చోనివ్వండి. పారేసిన కండెన్సర్ ఒకటి కోసి, దారులు కొలిచి, ఎంత వేడి పోతుందో, ఎంత పీడనం తగ్గుతుందో చేత్తో లెక్క కట్టమనండి. ఆ కాగితాలు వాళ్ల ప్రొఫెసర్‌కు చూపించమనండి. అప్పటికీ ఉత్సాహం తగ్గకపోతే ఆ డబ్బు ఎంటెక్‌కు పనికొస్తుంది.