ఫోన్ సంగతి తర్వాత, ముందు ఆ కాలు చూపించండి

ప్రశ్న: మాది సఖినేటిపల్లి వైపు ఒక లంక గ్రామం. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మకు 62 ఏళ్లు, తొమ్మిదేళ్లుగా షుగర్, బీపీ. చెకప్‌కి ప్రతిసారీ పంటు మీద గోదారి దాటి నరసాపురం వెళ్లాల్సి వస్తోంది. ఇంటి నుంచే ఫోన్‌లో డాక్టర్‌తో మాట్లాడిస్తానంటే, ‘నాడి పట్టుకోనోడు డాక్టరేంట్రా’ అంటోంది. ఆన్‌లైన్ వైద్యాన్ని నమ్మొచ్చా? అమ్మను ఎలా ఒప్పించాలి? మూడు వారాలుగా కుడికాలి బొటనవేలి కింద చిన్న పుండు ఉంది. నొప్పి లేదంటోంది, మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు వాడుతోంది.

జవాబు: అడగాల్సింది చివర్లో పెట్టి, ఆగగలిగింది ముందు అడిగారు. అమ్మగారిని రేపు ఉదయం పంటు ఎక్కించండి. ఆన్‌లైన్ సంగతి తర్వాత చూద్దాం.

నొప్పి లేదు కదా అని మీరు ధైర్యంగా ఉన్నట్టున్నారు. తొమ్మిదేళ్ల షుగర్ ఉన్నవాళ్లు ఆ మాటంటే నాకు భయం వేస్తుంది. పాదాల్లో నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గితే, చెప్పులో గులకరాయి పడినా సాయంత్రం దాకా తెలీదు. చూడకుండా ఇది ఫలానా అని నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. ఆనెకాయ పగిలి ఉండొచ్చు, లోపల చీము పట్టి ఉండొచ్చు, ఎముక దాకా పోయి ఉండొచ్చు. చిన్నదే అయినా కావచ్చు. తేల్చాలంటే పాదంలో రక్తం బాగా ఆడుతోందా, స్పర్శ ఉందా అని చేత్తో చూడాలి. అవసరమైతే ఎక్స్‌రే, మూడు నెలల సగటు షుగర్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు. ఫోన్‌లో అయ్యే పనులు కావివి. ఈ ఒక్క విషయంలో మీ అమ్మగారి మాటే రైటు, నాడి పట్టుకోవాల్సిందే. చేతి నాడితో పాటు కాలి నాడి కూడా.

ఒకసారి ఓ కుర్రాడు వీడియో కాల్‌లో వాళ్ల తాతగారి కాలు చూపించాడు. గుడ్డి బల్బు వెలుతురు, పుండు మీద పసుపు, దాని మీద కాఫీపొడి. నాకు కనబడింది ఓ గోధుమరంగు మచ్చ. కడిగి కిటికీ దగ్గరికి తీసుకెళ్లమన్నాను. అప్పుడు కనబడింది, వేలి అంచున నలుపు. ఆ రోజే రమ్మన్నాను. అమ్మగారి కాలు నల్లబడినా, వాసన వచ్చినా, ఎరుపు పైకి పాకినా, జ్వరం వచ్చినా రేపటి దాకా కూడా ఆగొద్దు.

ఇక మెడికల్ షాపు. మాత్రల పేర్లు మీరు రాయలేదు, బహుశా మీకూ తెలియకపోవచ్చు. మా దగ్గరికొచ్చే పుళ్లలో చాలావాటి చరిత్ర ఒక్కటే: నాలుగు యాంటీబయాటిక్ మాత్రలు, తగ్గినట్టుంటే ఆపేయడం, మళ్లీ నాలుగు, మధ్యలో ఒళ్లునొప్పులకి ఓ బిళ్ల. షుగర్, బీపీ రెండూ ఉన్నవాళ్లకి ఆ నొప్పి బిళ్లలు కిడ్నీల మీద పడతాయండీ. షాపతను మంచివాడే, వారం వారం మందులూ ఇస్తాడు, కాదనను. కానీ చెప్పు విప్పించి పాదం చూడడు కదా! మూడు వారాలు పోయాయి. చదువుకున్నవారు, మీరైనా మొదటి వారంలోనే కసరాల్సింది. డాక్టర్ చూసేదాకా ఆ కాలి మీద బరువు వేయనివ్వొద్దు, వేడినీళ్లలో పెట్టనివ్వొద్దు. షుగర్, బీపీ మందులు మాత్రం ఆపొద్దు.

మీరడిగిన దానికి ఇప్పుడు. నమ్మొచ్చు, పని బట్టి. 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్‌కి మార్గదర్శకాలు ఇచ్చింది. ఫోన్‌లో చూడదగ్గ కేసా, ఎదురుగా చూడాల్సిందా అన్నది డాక్టరే తేల్చాలి. ప్రిస్క్రిప్షన్ మీద ఆయన రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, లేకపోతే ఆ మందులు కొనకండి.

అమ్మగారిది మొండితనమని కొట్టిపారేయకండి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ఆవిడకి నేర్పింది మనమే. ఇప్పుడు డాక్టర్ కోసం ఓటీపీ చెప్పమంటే అనుమానం రాదూ? పైగా ఫోన్ మీ చేతిలో, మాట్లాడేది మీరు. కొడుకు వింటుండగా మూత్రం మంటనో, రాత్రిళ్లు నాలుగుసార్లు లేస్తున్నాననో ఏ తల్లీ చెప్పదు. మాటల మధ్యలో సిగ్నల్ పోతే ఇక అంతే, ‘బానే ఉందండి’ అని పెట్టేస్తుంది.

నా అనుభవంలో ఇలాంటివారు ఒప్పుకునేది రెండు సందర్భాల్లో. ఒకసారి ఎదురుగా చూసిన డాక్టరే తర్వాత ఫోన్‌లో కనబడినప్పుడు. లేదా తెలిసిన మనిషి పక్కన కూర్చున్నప్పుడు. ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ఈ-సంజీవని 2019లో మొదలైంది ఆ రెండో పద్ధతిలోనే. విలేజ్ క్లినిక్‌లో ఉండే సీహెచ్‌వో (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) బీపీ చూసి, షుగర్ చూసి, అక్కణ్నుంచే పెద్దాసుపత్రి డాక్టర్‌తో వీడియోలో మాట్లాడిస్తారు. రుసుము లేదు. అమ్మగారికి ఆ అమ్మాయి ముఖం తెలిసే ఉంటుంది, మీ యాప్ కన్నా అది నయం. పుండు మానాక బీపీ, షుగర్ చెకప్‌లలో కొన్నింటిని అలా నడిపించొచ్చు. గోదారి పోటు మీదుండి పంటు ఆగిన రోజుల్లో మరీ పనికొస్తుంది. ఆ మాట్లాడే పది నిమిషాలూ మీరు లైన్లో లేకపోతేనే మంచిది.

రేపు వెళ్లేటప్పుడు వాడిన మందుల అట్టలు, ఖాళీవైనా సరే, ఓ కవర్లో వేసి పంపండి. నరసాపురం ఏరియా ఆసుపత్రి అయినా, మీకు తెలిసిన సర్జన్ అయినా పర్వాలేదు. చీటీ రాయించుకునేటప్పుడే ‘షుగర్ ఉంది, కాలికి పుండు’ అని చెప్పమనండి. ఆవిడ మాత్రం ‘చెకప్‌కి వచ్చానండి’ అంటుంది, చెప్పు విప్పదు.