ఫోన్ నంబరు పోయినా దరఖాస్తు పోకూడదు

ఇల్లు లేనివారికి ఇల్లు దొరికేందుకు తోడ్పడే మొబైల్ యాప్ తయారు చేయాలనుకుంటున్నామని, అందులో ఏయే సదుపాయాలు ఉండాలో చెప్పమని మీరు అడిగారు. హైదరాబాదులో ఒక చిన్న స్వచ్ఛంద బృందంతో కలిసి నేను అటువంటి యాప్ మీద దాదాపు రెండేళ్లు పని చేశాను. సదుపాయాల జాబితా కన్నా, ఆ పనిలో నా వల్ల జరిగిన ఒక తప్పు మీకు ఎక్కువ ఉపయోగపడుతుందని నమ్ముతున్నాను.

కాలిబాటల మీద, ఆసుపత్రుల ప్రహరీల పక్కన, ఫ్లైఓవర్ల కింద పడుకునేవారి వివరాలను మా కార్యకర్తలు యాప్‌లో నమోదు చేసేవారు. తక్కువ అద్దెకు గది ఇవ్వడానికి ఒప్పుకున్న ఇంటి యజమానుల వివరాలు మరోవైపు చేరేవి. అడ్వాన్సు, మొదటి మూడు నెలల అద్దె బృందమే భరించేది. గది ఖాళీ కాగానే వరుసలో ముందున్నవారి ఫోనుకు సందేశం వెళ్లేది; ఏడు రోజుల్లో జవాబు రాకపోతే వారి పేరు జాబితా నుంచి తొలగిపోయి, గది తరువాతి వారికి దక్కేది. ఆ ఏడు రోజుల నియమం రాసింది నేనే. ఖాళీ గదికి ఎన్నాళ్లని అద్దె కట్టగలం కనుక, అప్పుడు అది న్యాయంగానే తోచింది.

పాలమూరు వైపు నుంచి వచ్చిన, యాభై ఏళ్లు దాటిన ఒక స్త్రీ ఫంక్షన్ హాళ్లలో అంట్లు తోముతూ, రాత్రిళ్లు ఒక ఆసుపత్రి గోడ పక్కన మనవడితో కలిసి పడుకునేది. నమోదైన పదకొండు నెలలకు ఆమె వంతు వచ్చింది, సందేశం వెళ్లింది, ఏడు రోజులు గడిచాయి, పేరు తొలగిపోయింది. మరో రెండు నెలలకు వేరే పని మీద అటు వెళ్లిన నాకు ఆమె అదే గోడ పక్కన, అదే చోట, కాగితాల పాలిథిన్ సంచి తల కింద పెట్టుకుని కనిపించింది. "అమ్మా, గది వచ్చిందని కబురు పంపితే రాలేదేమి?" అని అడిగాను.

"ఆ నంబరు బందయి శాన దినాలాయె బిడ్డా. పైసలెయ్యకపోతే తీసేసిండ్రు" అంది. కాసేపాగి, "నేను యాడికి వోయిన? గీడనే ఉన్న గద. ఎవలన్న వచ్చి పిలిస్తె పలుకకపోదునా?" అని అడిగింది.

దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. మూడు నెలలు వాడని నంబరును కంపెనీలు రద్దు చేసి, కొన్నాళ్లకు మరొకరికి ఇచ్చేస్తాయని నాకు తెలియనిది కాదు; తెలిసి కూడా మొత్తం వ్యవస్థను ఆ నంబరు మీదే నిలబెట్టాను. ఆ రాత్రే ఆ నంబరుకు ఫోన్ చేస్తే గుంటూరులో చదువుకునే ఒక కుర్రవాడు ఎత్తాడు. సందేశం వచ్చిన మాట నిజమేనని, ఏదో ప్రకటన అనుకుని తుడిచేశానని చెప్పాడు.

ప్రభుత్వ యంత్రాంగంలో ఈ చిక్కును ముందే ఆలోచించినవారు ఉన్నారని తరువాత తెలుసుకున్నాను. 2011 జనాభా లెక్కల్లో ఇల్లు లేనివారిని ఫిబ్రవరి 28 రాత్రి, వారు పడుకున్న చోటికే వెళ్లి లెక్కించారు. దేశం మొత్తం మీద దాదాపు 17.7 లక్షల మంది తేలారు. ఇల్లు లేని వ్యక్తి ఓటరుగా నమోదు కావాలని ఫారం 6 ఇస్తే, చిరునామా పత్రం అడగకుండా, అతడు చెప్పిన చోటికి బూత్ స్థాయి అధికారి రాత్రివేళ వెళ్లి, అక్కడ నిజంగా పడుకుంటున్నాడో లేదో చూసి రావాలని ఎన్నికల సంఘం నియమం పెట్టింది. మనిషి ఉన్న చోటికి మనిషే వెళ్లాలన్న ఈ పద్ధతి కన్నా మెరుగైనదాన్ని నేను ఏ యాప్‌లోనూ చూడలేదు.

అందుచేత మీ యాప్ ఇల్లు లేనివారి చేతిలో కాక, కార్యకర్త చేతిలోనో, ఆశ్రయ కేంద్రం చూసుకునే వ్యక్తి చేతిలోనో ఉండాలని నా గట్టి అభిప్రాయం. కాలిబాట మీద ఫోన్ దొంగతనానికి పోతుంది, వానకు తడుస్తుంది, చార్జింగుకు చోటు దొరకదు. ఓటీపీతో తెరుచుకునే ప్రతి తలుపూ ఆ రోజుతో మూసుకుపోతుంది. ఆధార్‌కు జోడించిన నంబరు పోతే డిజిలాకర్‌లో దాచిన కాగితాలు కూడా అందవు. కొత్త నంబరు కోసం ఆ అమ్మను ఆధార్ కేంద్రానికి తీసుకువెళ్తే, ఏళ్ల తరబడి అంట్లు తోమిన చేతులకు వేలిముద్రలు పడలేదు. చివరకు కంటిపాప గుర్తుతో పని జరిగింది. ఆ ఒక్క పనికి రెండు రోజుల కూలి పోగొట్టుకుంది. దరఖాస్తును నంబరుకు కాకుండా మనిషి పేరుకు, ఊరికి, పడుకునే చోటికి, ఆమెను ఎరిగిన మరో ఇద్దరికి ముడిపెట్టండి. ఆ ఇద్దరు టీ కొట్టు యజమాని కావచ్చు, పనికి పిలిచే మేస్త్రీ కావచ్చు.

మరొక మాట. పౌరులు ఫొటో తీసి, స్థలం గుర్తించి పంపే సదుపాయం పెట్టాలని చాలామంది ఉత్సాహపడతారు. నిద్రపోతున్న స్త్రీ ఫొటోను, ఆమె రోజూ పడుకునే చోటుతో సహా, అందరూ చూడగలిగే మ్యాపులో పెట్టడం ఆమెను ప్రమాదంలోకి నెట్టడమే. దయచేసి ఆ పని చేయకండి.

ప్రభుత్వ పథకాలతో యాప్‌ను కలిపితే సరిపోతుందని కూడా అనుకోవద్దు. తెలంగాణలో 2024 డిసెంబరులో ఇందిరమ్మ ఇళ్లకు సర్వే యాప్ వచ్చింది. ఇంటికి 5 లక్షల రూపాయల సాయం నిజంగా పెద్దదే, కానీ మొదటి విడత సొంత స్థలం ఉన్నవారికే. గోడ పక్కన పడుకునేవారికి స్థలం ఎక్కడిది? 2024లో ముగిసిన కేంద్ర ప్రభుత్వ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలు ప్రతి లక్ష పట్టణ జనాభాకు కనీసం వంద మందికి శాశ్వత ఆశ్రయం ఉండాలన్నాయి. అటువంటి గుర్తింపు పొందిన కేంద్రం అధికారి ఇచ్చే ధ్రువపత్రం ఆధార్‌కు చిరునామా రుజువుగా చెల్లుతుంది. మీ యాప్ మొదట ఆ ధ్రువపత్రం ఇప్పించగలిగినా, తరువాతి దరఖాస్తులన్నిటికీ దారి ఏర్పడుతుంది.

మేము ఏడు రోజుల నియమం తీసేశాము. వేర్వేరు వారాల్లో మూడు రాత్రులు కార్యకర్త స్వయంగా వెళ్లి, దొరకలేదని రాస్తే తప్ప ఏ పేరూ జాబితా నుంచి పోకుండా మార్చాము. ఆ అమ్మ పేరు మళ్లీ పైకి వచ్చేసరికి మాఘమాసం. మొదటి రెండు రాత్రులు ఆమె గోడ దగ్గర లేదు. పెళ్లిళ్ల రోజులు కావడంతో తెల్లవార్లూ ఫంక్షన్ హాళ్లలోనే పని. మూడో రాత్రి పదకొండున్నరకు కార్యకర్త వెళ్లి పిలిస్తే పలికింది.