54 అని పెడితే 30 ఎందుకు వస్తోంది?

ప్రశ్న: ఎం.టెక్. ప్రాజెక్టు కోసం ఎన్‌ఎస్-3 సాఫ్ట్‌వేర్‌లో 802.11ఎ వైఫై నెట్‌వర్కును సిమ్యులేట్ చేస్తున్నాను. ఒకే యాక్సెస్ పాయింటు, ఐదు మీటర్ల దూరంలో ఒకే ల్యాప్‌టాప్. రేటును 54 ఎంబీపీఎస్‌గా స్థిరపరిచి యూడీపీ ప్యాకెట్లను ఆపకుండా పంపినా థ్రూపుట్ (సెకనుకు నిజంగా చేరే డేటా) 30 దాటడం లేదు. కోడ్‌లో తప్పుందని నా అనుమానం. ఎన్నిసార్లు నడిపినా అదే అంకె వస్తోంది కాబట్టి ఫలితం నమ్మదగినదేనని స్నేహితులు అంటున్నారు. ఏది నిజం?
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: మీ కోడ్‌లో తప్పున్నట్టు లేదు. అయితే మీ స్నేహితులు చూపిన కారణం మాత్రం చెల్లదు.

54 అన్నది ప్యాకెట్‌లోని బిట్లను గాలిలోకి వదిలే రేటు మాత్రమే. ఒక ప్యాకెట్‌కూ మరో ప్యాకెట్‌కూ నడుమ ఖర్చయ్యే సమయం అందులో లేదు. కాగితం మీద లెక్క వేసి చూడండి. 1,472 బైట్ల డేటాకు హెడర్లన్నీ (చిరునామాల వంటి అదనపు సమాచారం) చేరితే 1,536 బైట్లవుతుంది. అందుకునే పరికరాన్ని సిద్ధం చేయడానికి ముందు వచ్చే 20 మైక్రోసెకన్ల ప్రియాంబుల్‌తో కలిపి దాన్ని పంపడానికి 248 మైక్రోసెకన్లు పడుతుంది. అంతకుముందు ఛానల్ ఖాళీగా ఉందో లేదో 34 మైక్రోసెకన్లు గమనించి, ఆపైన 0 నుంచి 15 వరకు యాదృచ్ఛికంగా వచ్చిన సంఖ్యను బట్టి, స్లాటుకు 9 చొప్పున, సగటున 67.5 మైక్రోసెకన్లు ఆగాలి. ప్యాకెట్ అందాక 16 మైక్రోసెకన్ల విరామం, 24 ఎంబీపీఎస్ రేటున తిరిగొచ్చే ఏసీకేకు (ప్యాకెట్ అందిందన్న జవాబుకు) మరో 28. మొత్తం 393.5 మైక్రోసెకన్లు. ఆ వ్యవధిలో చేరిన అసలు డేటా 11,776 బిట్లే కాబట్టి థ్రూపుట్ 29.9 ఎంబీపీఎస్. ఇదే సిమ్యులేషన్‌ను ఎన్‌ఎస్-3లోని ఫ్లోమానిటర్ అనే కొలత సాధనంతో కొలిస్తే 30.5 దాకా కనిపించవచ్చు, ఎందుకంటే అది ఐపీ, యూడీపీ హెడర్లను కూడా లెక్కలో కలుపుతుంది. థీసిస్‌లో ఏ స్థాయిలో కొలిచారో రాయకపోతే ఈ తేడాకు సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

ల్యాప్‌టాప్‌ల సంఖ్య పెంచితే ప్యాకెట్లు ఢీకొంటాయి గనుక ఈ చేతిలెక్క చాలదు. అప్పుడు, అందరి దగ్గరా పంపవలసిన ప్యాకెట్లు ఎల్లప్పుడూ సిద్ధంగా ఉన్నాయన్న షరతు మీద, 2000లో జ్యుసెప్పె బియాంకి ఇచ్చిన గణిత నమూనాతో సరిచూసుకోవచ్చు.

ఇక మారని అంకె సంగతి. ఎన్‌ఎస్-3లో యాదృచ్ఛిక సంఖ్యల వరుసను నిర్ణయించే సీడ్, రన్ నంబరు రెండూ మీరు మార్చనంత వరకు స్థిరంగా ఉంటాయి కాబట్టి, ప్రోగ్రామును ఎన్నిసార్లు నడిపినా అవే యాదృచ్ఛిక సంఖ్యలు అదే వరుసలో వస్తాయి. అది ఒకే ప్రయోగానికి నకళ్లు తీసుకోవడమే. సీడ్‌ను అలాగే ఉంచి, ఒక్కో పరుగుకు రన్ నంబరును మార్చి, సగటుతో పాటు 95 శాతం విశ్వాస అంతరాన్ని (అసలు సగటు ఉండగల పరిధిని) కూడా గ్రాఫులో చూపండి. ల్యాప్‌టాప్ యాక్సెస్ పాయింటుతో జతకూడే తొలి క్షణాలను కొలతలోంచి తీసేయండి.

దూరం పెంచి చూడాలనుకుంటే మాత్రం స్థిరమైన రేటు పనికిరాదు. నిజమైన పరికరం సిగ్నల్ బలహీనపడేకొద్దీ 48కి, 36కి, చివరకు 6కి దిగుతుంది. మీ నమూనాలోని ల్యాప్‌టాప్ మాత్రం 54ను పట్టుకుని వేలాడి, కొంత దూరం దాటగానే ఉన్నట్టుండి సున్నాకు పడిపోతుంది. మిన్‌స్ట్రెల్ వంటి రేటు నియంత్రణను పెట్టండి. దూరంతో సిగ్నల్ ఎంత తగ్గుతుందో లెక్కించడానికి సాధారణంగా వాడే లాగ్-డిస్టెన్స్ నమూనాకు గోడలంటూ ఏమీ తెలియవు, కాబట్టి అది చూపిన దూరాన్ని హాస్టల్ గదులకు వర్తింపజేయకండి.

ఈ వివరాలన్నీ, సాఫ్ట్‌వేర్ వెర్షన్‌తో సహా, థీసిస్‌లో పట్టికగా ఇవ్వాలి. మొబైల్ నెట్‌వర్కుల పరిశోధనకు చెందిన మోబిహాక్ సదస్సు పత్రాలను పరిశీలించిన పరిశోధకులు, మరొకరు తిరిగి చేసి చూడగలిగినవి 15 శాతం కన్నా తక్కువేనని 2005లో తేల్చారు. పెద్దపెద్ద వాళ్ల పత్రాల పరిస్థితే అదైతే, మీ ఎగ్జామినర్ అడగడంలో తప్పేముంది?

ప్రశ్న: సీనియర్లు ఇచ్చిన ఎన్‌ఎస్-2 స్క్రిప్టులను ఎన్‌ఎస్-3లో నడపవచ్చా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: నడవవు. అవి ఓటీసీఎల్ అనే స్క్రిప్టు భాషలో రాసినవి; 2008లో తొలిసారి విడుదలైన ఎన్‌ఎస్-3ని సీ++లో కొత్తగా నిర్మించారు. స్క్రిప్టులోని టోపాలజీని (ఏది దేనితో కలిసి ఉందో), ట్రాఫిక్ వివరాలను చూసుకుని మళ్లీ రాయడమే సులువు.