పై పొర ఆరకపోవడానికి కారణం గాలి నడకే

మొక్కజొన్నను చక్కగా ఆరబెట్టిన ఫ్యానుతోనే, అంతే లోతున పోసిన ఆవాలు అడుగున అతిగా ఎండి పైన తడిగా మిగిలాయని మీరు రాశారు. లోపం వేడిలో లేదు. ఆవగింజలు చిన్నవి కనుక వాటి మధ్య సందులు మరీ సన్నగా ఉండి గాలిని గట్టిగా అడ్డుకుంటాయి. ఫ్యాను కింది నుంచి పంపే గాలి తగ్గిపోయి, అడుగున మొదలైన ఆరుదల పైకి చేరేలోపే పై గింజకు బూజు పట్టవచ్చు. ఉష్ణోగ్రత పెంచితే అడుగు గింజ మరింత ఎండుతుంది, అంతే.

ముందుగా రాశి లోతును సగం చేయండి: నిరోధం తగ్గడమే కాక, పెరిగిన ఆ గాలి సగం గింజకే అందుతుంది, కాబట్టి కొత్త ఫ్యాను కొనడం కన్నా ఇదే మేలని నా అభిప్రాయం. పోసేటప్పుడు మధ్యలో పేరుకునే నలకలను తీసి పైభాగాన్ని చదును చేయకపోతే గాలి అంచుల గుండా తప్పించుకుపోతుంది. తేమ సుమారు 8 శాతానికి దిగిందో లేదో పై పొర నమూనాతోనే చూడండి.